దొరగారి దిండు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళందరూ మొదట అడిగేది ఒకటే: ఏ గుడ్డ మంచిదండీ? ఆ గుడ్డ కింద ఏం పెట్టాలి అని ఎవరూ అడగరు. నేను అడగకుండానే ఒక మనిషి నాకు చెప్పాడు. నేను వినలేదు. వినకపోయినందుకు నాకు పోయింది ఏమీ లేదు. పోయింది అతనికి.

పని మానేసి కువైత్ నుంచి వచ్చేశాక, షువైఖ్‌లో మా షెడ్డులో ఇంకా పనిచేస్తున్న తెలుగువాళ్ళు కొందరు నా అనుభవాలు రాసి పంపమన్నారు. గుడ్డ గురించి, కొలతల గురించి నాలుగు ముక్కలు రాసి ఊరుకుందామనుకున్నాను. రెండుసార్లు అలాగే రాశాను కూడా. చదువుకుంటే సగం పని చేసి మెట్లు దిగివచ్చినట్టు అనిపించింది. అందుకని మిగతా సగం కూడా రాస్తున్నాను.

పని ఏమిటంటే

కువైత్‌లో చలి మొదలవగానే అక్కడి కుటుంబాలు ఎడారికి వెళ్ళి మకాం వేస్తాయి. ఒకరోజు రెండురోజులు కాదు, నెలల తరబడి. డేరాలు, దీపాలు, వంట, బంధువులు, అన్నీ ఇసుకలోనే. కలిగినవాళ్ళు అమెరికా నుంచి తెప్పించుకున్న కారవాన్లు లాక్కెళ్తారు. చక్రాల మీద ఇల్లు అనుకోండి. వాటిలో పెద్దవాటికి పక్కగోడలో ఒక గది ఉంటుంది. బొత్తాం నొక్కితే బల్ల సొరుగులాగా మోటారు మీద బయటికి జరుగుతుంది. మళ్ళీ నొక్కితే లోపలికి పోతుంది. మేం దాన్ని సొరుగు గది అనేవాళ్ళం.

బయటికి వచ్చిన ఆ గది పైకప్పు మీద దుమ్ము పడుతుంది. గది లోపలికి పోయేటప్పుడు ఆ దుమ్ము కూడా లోపలికి వెళ్ళి అంచుల్లో ఉండే రబ్బరును కొరికేస్తుంది. తరవాత వాన పడితే నీళ్ళు పరుపు మీదికే. అందుకని గది మీద ఒక గుడ్డ కడతారు. గది బయటి అంచున ఒక గొట్టం, గొట్టంలో స్ప్రింగు, గొట్టానికి చుట్టిన గుడ్డ. గుడ్డ రెండో అంచు కారవాన్ గోడకు బిగించిన అల్యూమినియం పట్టీలోకి పోతుంది. గది బయటికి వస్తుంటే గుడ్డ విప్పుకుంటుంది. లోపలికి పోతుంటే స్ప్రింగు దాన్ని చుట్టేస్తుంది. ఈ గుడ్డ ఎంచడం, కొలవడం, కట్టడం నా ఉద్యోగం. తొంభైల నడిమి నుంచి ఇరవై ఏళ్ళు అదే చేశాను.

గుడ్డ సంగతి ముందు చెప్పేస్తాను. రెగ్జిన్ లాంటిది ఒకటి, దారంతో నేసింది ఒకటి, రెండు రకాలు వస్తాయి. రెగ్జిన్‌లోంచి చుక్క నీరు దిగదు. కానీ అక్కడి ఎండకు రెండేళ్ళలో అప్పడంలాగా పెళుసెక్కుతుంది. నేసిన గుడ్డ ఎండకు ఓర్చుకుంటుంది, నీళ్ళు ఎక్కువసేపు నిలబడితే మాత్రం చెమ్మ దిగుతుంది. నేను ఎక్కువగా నేసినదే వాడాను. రంగు ఇసుక రంగే ఉండాలి. ఎరుపు కావాలని, నీలం కావాలని అడుగుతారు. ఒక చలికాలం గడిచాక వాళ్ళే వచ్చి వెలిసిపోయిందంటారు. ఇంకొకటి, గుడ్డ కంటే ముందు దారం చస్తుంది. చాలామంది మంచి గుడ్డ తెచ్చి చవక దారంతో కుట్టించారు. కుట్టు విడిపోయాక గుడ్డను తిట్టారు.

కొలిచేటప్పుడు గదిని కొలవకండి. గది పైకప్పు అంచున చుట్టూ రెక్కలాంటిది ఉంటుంది, దాన్ని కొలవండి. గోడకు పట్టీ బిగించేటప్పుడు ప్రతి మేకు రంధ్రమూ రేపు కారబోయే చోటే అనుకుని ముందే జిగురు టేపు వేయండి. స్ప్రింగు తిప్పేటప్పుడు పక్కన ఉన్నవాడితో కబుర్లు చెప్పకండి. అది చేయి జారితే వేళ్ళు మిగలవు.

ఇవన్నీ సామానుతో పాటు పెట్టెలో వచ్చే పుస్తకంలో కూడా ఉంటాయి. పుస్తకంలో ఉన్నది చేయడంలో నేను ఎప్పుడూ పొరపాటు పడలేదు.

డేరాల ఇల్లు

నా గురించి కొంచెం చెప్పక తప్పదు. ఎక్కువ చెప్పను.

మాది గోదావరి జిల్లాలో ఒకప్పుడు పేరున్న ఇల్లు. మా తాతగారు వసూళ్ళకు ఊళ్ళు తిరిగేటప్పుడు పదకొండు డేరాలు ముందు బండ్ల మీద వెళ్ళేవని చెప్పుకునేవారు. నా చిన్నతనానికి మూడు మిగిలాయి. మా నాన్నగారు వాటిని పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చేవారు. అద్దెకిస్తున్నామని మాత్రం ఎవరి దగ్గరా అనేవారు కాదు, "అడిగారు, ఇచ్చాం" అనేవారు. చివరి డేరా చిరిగిపోయిన ఏడాదే నేను బి.ఏ. పట్టా, రెండు తెల్ల చొక్కాలు పట్టుకుని కువైత్ విమానం ఎక్కాను.

షెడ్డు యజమాని అబూ ఫహద్‌కు ఇంగ్లీషు చదివి చెప్పేవాడు కావాల్సి వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన ప్రతి పెట్టెలోనూ ఒక పుస్తకం ఉండేది. నేను చదివి ఏది ముందు, ఏది తరవాత అని చెప్పేవాణ్ణి, మిగతావాళ్ళు బిగించేవాళ్ళు. "మీకు గుడ్డ పని ముందే తెలుసా?" అని అబూ ఫహద్ అడిగితే, మా ఇంట్లో పదకొండు డేరాలు ఉండేవని చెప్పాను. ఆయన తలూపి, అయితే తెలుసన్నమాట అనుకున్నాడు. నిజానికి డేరాల కింద కూర్చోవడం తప్ప మాకేమీ తెలియదు. కట్టేవాళ్ళు వేరే ఉండేవారు. వాళ్ళ పేర్లు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేవు.

షెడ్డులో నన్ను దొరగారు అనేవారు. పెట్టింది సత్తిబాబు. రాజోలు మనిషి, నోరు ఊరుకోదు. నేను నిచ్చెన ఎక్కనని అతనికి మొదటి నెలలోనే తెలిసిపోయింది.

"దొరగారు పైకెక్కితే నిచ్చెనకి మర్యాద తక్కువండి, ఆయ్," అనేవాడు అందరూ వినేలా.

నేను కోప్పడలేదు. లోపల బాగానే ఉండేది. కింద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, తల ఎత్తి చూసి "ఎడమవైపు అంగుళం పైకి" అని చెప్పడమే నా పని అనుకున్నాను. చాలాసార్లు అదే సరిపోయింది కూడా.

ఓబులేసు

ఓబులేసుది కడప జిల్లా. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఇంటి వీసా మీద వచ్చాడు. అంటే ఒక కువైతీ ఇంట్లో పనికి తప్ప బయట ఎక్కడా పనిచేయడానికి కాగితం లేనివాడు. ఆ ఇంటాయన, అంటే అతని కఫీల్, అతన్ని బయట చేసుకోమని వదిలేశాడు. అలా వేలమంది ఉండేవారు. పోలీసులు దారిలో ఆపి ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు, చూస్తే విమానం ఎక్కించేస్తారు. ఓబులేసు ఆరేళ్ళుగా సొంత ఊరు చూడలేదు. వెళ్తే మళ్ళీ రానిస్తారని నమ్మకం లేక వెళ్ళలేదు.

అతని చేతుల గురించి చెప్పాలి. గుడ్డ అంచును బొటనవేలితో తడిమి ఏ వైపు సాగుతుందో చెప్పేవాడు. పట్టీని గోడకు ఆనించి కన్ను పెడితే ఇక నీటిమట్టం అక్కర్లేదు. స్ప్రింగు చుట్లు లెక్కపెడుతూ పెదవులు కదిపేవాడు, మధ్యలో పిలిచినా పలికేవాడు కాదు. ఇరవై ఏళ్ళలో అంత శ్రద్ధగా పనిచేసినవాణ్ణి మళ్ళీ చూడలేదు. ఆ మాట అతని ముఖం మీద ఒక్కసారి కూడా అనలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంటి వీసా ఉన్నవాళ్ళు కంపెనీ వీసాకు మారడానికి ప్రభుత్వం కొన్నాళ్ళు అనుమతి ఇచ్చింది. అలాంటి అవకాశం ఎప్పుడో వచ్చేది, త్వరగా పోయేది. ఓబులేసు కఫీల్ సరేనన్నాడు. ఇక్కడ అబూ ఫహద్ తన పేరు మీద తీసుకోవాలి. ఓబులేసు నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మీరు ఒక్క మాట సెప్తే సాలు. కాగితం మారితే ఊరికి పొయ్యొస్తా. దుడ్లు గిడ్లు ఏమీ అడగను. పొయ్యి, మా అమ్మను సూసి, మళ్ళా వస్తా. అంతే."

నేను అబూ ఫహద్‌తో మాట్లాడాను. ఆయన ఒకటే అన్నాడు. తన స్నేహితుడి కారవాన్ ఒకటి రాబోతోంది, చాలా పెద్దది. సొరుగు గదిలో ఆ స్నేహితుడి తల్లి పడుకుంటుంది, ఆవిడ నడవలేదు. ఆ పని బాగా జరిగితే ఓబులేసు పేరు తన కాగితాల్లో రాస్తాడు.

నేను ఓబులేసు దగ్గరికి వచ్చి, "నీ కాగితం సంగతి నేను చూసుకుంటాను, ఇది నా మాట," అన్నాను. మా వంశంలో ఇచ్చిన మాట తప్పినవాడు లేడని కూడా అన్నాను. అడగకుండానే అన్నాను.

శెనిక్కాయల కుప్ప

ఆ కారవాన్ వచ్చింది. మూడు రోజులు పని. చివరి రోజు గుడ్డ కట్టి, స్ప్రింగు తిప్పి, గది బయటికి జరిపి చూశాం. కిందినుంచి గుడ్డ ఇస్త్రీ చేసినట్టు ఉంది. నాకు తృప్తిగా ఉంది.

ఓబులేసు కారవాన్ పైనే ఉన్నాడు. బోర్లా పడుకుని, చెంప పైకప్పుకు ఆనించి, గుడ్డ వెంబడి చూస్తున్నాడు.

"సార్, ఒకసారి పైకి రాండి. ఇట్లా పండుకొని సూస్తే తెలుస్తాది. నడిమధ్యలో దిగబడుండాది."

"చుట్లు పుస్తకం ప్రకారమే తిప్పాం కదా?"

"తిప్పినాం సార్. ఎన్ని సుట్లు తిప్పినా గుడ్డ గుడ్డే గదా. దుమ్ము పడి బరువైతాది. మీద వాన పడితే నీళ్ళు ఆడనే నిలబడతాయి. మా ఊర్లో శెనిక్కాయల కుప్ప మీద పట్ట కప్పేటప్పుడు నడిమధ్యన సొప్పకట్ట పెట్టి కప్పుతాం. నీళ్ళు అటూ ఇటూ జారిపోతాయి. ఈడ గూడా అట్లనే దిండు పెడదాం."

దిండు అప్పటికే చేసి పైకి తెచ్చుకున్నాడు. ఏసీ గొట్టాలకు చుట్టే నల్ల ఫోమ్ ముక్కలు కట్టకట్టి, పైన రెగ్జిన్ కుట్టాడు. గది ఎంత పొడుగో అంత పొడుగు. ఒక చివర తాడు, తాడు కొసన ముడి. గది లోపలికి తోసేముందు కింద నిలబడి తాడు లాగితే దిండు బయటికి వచ్చేస్తుంది. గది పైన సందు తక్కువ కాబట్టి దిండు ఉండగా మూస్తే ఇరుక్కుంటుంది. అది కూడా అతనే ఆలోచించాడు.

ఇప్పుడు చెప్పగలను, పుస్తకం రాసినవాళ్ళది తప్పు కాదు. వాళ్ళ దేశంలో కారవాన్ నాలుగు రోజులు ఒకచోట, నాలుగు రోజులు ఇంకోచోట. గది తరచూ మూస్తారు, తెరుస్తారు, గుడ్డ దులపబడుతుంది. కువైత్‌లో గది ఒకసారి తెరిస్తే చలికాలం అయ్యేదాకా మూయరు. నెలల దుమ్ము గుడ్డ మీదే ఉంటుంది. ఆ తేడా పుస్తకంలో లేదు, ఓబులేసుకు తెలుసు.

అప్పుడు నేను అన్నది ఇది: "ఇది శెనిక్కాయల కుప్ప కాదు, ఓబులేసూ."

కింద అందరూ నవ్వారు. సత్తిబాబు అయితే చేతిలో పట్టకారు కింద పెట్టి మరీ నవ్వాడు.

ఓబులేసు కూడా కొంచెం నవ్వి, "ఆ పుస్తకం రాసినాయన మన తోజు ఎప్పుడన్నా సూసినాడా సార్?" అన్నాడు. తోజు అంటే దుమ్ము తుఫాను, అక్కడి మాట.

నవ్వులు ఇటు తిరిగాయి. ఆ నవ్వుకు నేను ఓర్చుకోలేకపోయాను.

"నువ్వు నాకు పని నేర్పక్కర్లేదు. దాన్ని దింపు."

దింపాడు. షెడ్డు మూలన, పాత టైర్ల పక్కన నిలబెట్టాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"సార్, కోపం వద్దు. ఒక్కసారి పైకొచ్చి సూడండి. నేను నిచ్చెన పట్టుకుంటా."

నేను నా చొక్కా కేసి చూసుకుని, "రేపు బండి వెళ్ళిపోవాలి, టైము లేదు," అన్నాను. బండి వెళ్ళింది రెండు రోజుల తరవాత.

ముత్లాలో వాన

నాలుగైదు వారాలు గడిచాయి. రెండుసార్లు తోజు వచ్చింది. తరవాత ఒక గురువారం మధ్యాహ్నం వాన పడింది. అక్కడ వాన వస్తే గంటసేపట్లో ఏడాది బాకీ తీర్చినట్టు కురుస్తుంది.

మర్నాడు ఉదయం అబూ ఫహద్ నన్నూ ఓబులేసునూ పికప్‌లో ఎక్కించుకుని ఎడారి మకాములుండే ముత్లా వైపు బయలుదేరాడు. మకాం దగ్గర దిగేసరికి కారవాన్ కనిపించింది. సొరుగు గది సగం లోపల, సగం బయట ఇరుక్కుని ఉంది. గొట్టం విల్లులాగా వంగింది. గోడకు బిగించిన పట్టీ ఒక చివర ఊడి, మేకులతో సహా వేలాడుతోంది. గుడ్డ బురద సంచిలాగా ఉంది.

ఆ ఇంట్లో పెద్దావిడను చూసుకునే మనిషి రమణమ్మ, ఆవిడా కడప వైపుదే. ఓబులేసును చూడగానే తెలుగులో మొదలుపెట్టింది.

"ఏమప్పా ఇట్లా సేసినారు? గుడ్డ మింద నీళ్ళు బానలో మాదిరి నిలబడినాయి. గాలికి యాడ సినిగిపోతాదో అని గది మూద్దామని బొత్తాం నొక్కినారు. గుడ్డ రాల్యా. గోడకుండే పట్టీ పెరుక్కోని ఆ బురదంతా మామా పడుకున్న మంచం మిందనే పడె. మామా సలికి ఒణికిపోయిందప్పా. నేను దుప్పట్లు కప్పి, ఎత్తుకోని డేరాలోకి తీసకపోతి. తెల్లార్లూ దగ్గుతానే ఉండాది."

రమణమ్మ మామా అన్న ఆ పెద్దావిడ డేరాలో, దుప్పట్ల మధ్య కూర్చుని ఉంది. ఆవిడ కొడుకు మమ్మల్ని కూర్చోబెట్టాడు. మాకు గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోయించాడు. ఆ మర్యాద అబూ ఫహద్‌కు చెంపదెబ్బలా తగిలిందని నాకు తెలిసింది. పరువు ఎలా పోతుందో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

ఆయన బయటికి వచ్చి, కారవాన్ ముందు నిలబడి, మా ఇద్దరి వైపూ తిరిగి అడిగాడు.

"మిను సవ్వా హాదా?"

ఎవరు చేశారు ఇది, అని. అంతకంటే తేలిక ప్రశ్న ఉండదు. "నేను" అంటే చాలు. నన్ను ఉద్యోగంలోంచి తీసేయడని నాకు తెలుసు. పుస్తకం చదివేవాడు ఆయనకు ఇంకొకడు లేడు. నాలుగు మాటలు అంటాడు. ఓబులేసు ముందు, రమణమ్మ ముందు, ఆ ఇంటి డ్రైవర్ల ముందు అంటాడు. అంతే.

ఆ నాలుగు మాటలు నాకు కొండంత కనిపించాయి.

"గుడ్డ కట్టింది ఓబులేసు," అన్నాను.

అక్షరం అబద్ధం లేదు. కట్టింది అతనే.

ఓబులేసుకు అరబ్బీ నాకంటే బాగా వచ్చు. దిండు సంగతి అతనే చెప్పొచ్చు. నా ముఖంలోకి చూశాడు. నేను వంగిన గొట్టం వైపు చూస్తున్నాను. అతను తల తిప్పుకుని వేలాడుతున్న పట్టీ వైపు నడిచాడు. అబూ ఫహద్ చేత్తో గాలిని నరికినట్టు "ఖలాస్" అన్నాడు. కాగితం సంగతి అక్కడితో అయిపోయింది.

షువైఖ్‌కు తిరిగివచ్చాక ఓబులేసు తన టిఫిన్ డబ్బా, పాత చొక్కా ఒకటి సంచిలో పెట్టుకున్నాడు. నేను దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి వెళ్ళాననే అనుకుంటాను. నోటికి వచ్చింది మాత్రం, "కొన్నాళ్ళు పోనీ, అబూ ఫహద్ చల్లబడ్డాక మళ్ళీ చెప్తాను," అని.

"వద్దులే సార్. మీ ఇంటి పేరు పెద్దది, మీరు కాపాడుకోవాల. నాది ఎవురికి తెలుసు."

ఎత్తిపొడుపుగా అనలేదు. అలా అని ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది. నిజంగా అలాగే అనుకున్నట్టు అన్నాడు.

పైకెక్కాక

ఆ గదికి కొత్త గొట్టం, కొత్త గుడ్డ వేయాల్సి వచ్చింది. కారవాన్‌ను షెడ్డుకు తెప్పించాం. గుడ్డ కట్టడం అయిన సాయంత్రం నేను నిచ్చెన తెప్పించుకుని పైకెక్కాను. షెడ్డంతా పని ఆపి చూసింది.

"దొరగారు పైకెక్కారండోయ్!" అని సత్తిబాబు కేక వేశాడు.

బోర్లా పడుకున్నాను. పైకప్పు ఇంకా వేడిగా ఉంది. చెంప ఆనించి గుడ్డ వెంబడి చూశాను. నడిమధ్యలో దిగబడి ఉంది. చంటిపిల్ల ఉయ్యాల కొంచెం దిగినట్టు, అంతే. కింద నిలబడినవాడికి వెయ్యేళ్ళు చూసినా కనబడదు. పడుకున్నవాడికి మొదటి చూపులోనే కనబడుతుంది. నేను పుట్టిన దగ్గరనుంచీ గుడ్డను కిందినుంచే చూశాను.

దిగివచ్చి, టైర్ల పక్కనున్న దిండు తీసుకుని మళ్ళీ ఎక్కి, గుడ్డ కింద పెట్టాను. మకాం దగ్గర గది తెరిచాక మళ్ళీ ఎలా పెట్టాలో ఆ ఇంటి డ్రైవర్లకు చూపించాను. ఆ చలికాలం మళ్ళీ రెండు వానలు పడ్డాయి. చుక్క నిలవలేదు. మరుసటి ఏడు అబూ ఫహద్ అన్ని కారవాన్లకూ దిండు పెట్టమన్నాడు. పక్క షెడ్లవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. సత్తిబాబు దానికి పేరు పెట్టాడు, దొరగారి దిండు అని. అది ఎవరిదో అతనికి తెలుసు. నవ్వినవాళ్ళలో అతనూ ఉన్నాడు కదా. మెచ్చుకోడానికి పెట్టాడో, పొడవడానికి పెట్టాడో నేను అడగలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ సంగతి తెలియదు, పేరు మాత్రం తెలుసు. అరబ్బీలో దిండును మఖద్దా అంటారు. కొన్నాళ్ళకు షువైఖ్‌లో ఈజిప్టు మేస్త్రీలు, బంగ్లాదేశ్ ఫిట్టర్లు కూడా "దొర మఖద్దా" అని అడగడం మొదలుపెట్టారు.

నేను వెళ్ళిపోయే రోజు షెడ్డులో చిన్న విందు చేశారు. కాకినాడ నుంచి వచ్చిన కొత్త ఫిట్టరు ఒకాయన నా పక్కన కూర్చుని, "దిండు కనిపెట్టింది మీరేనటగా అండీ? ఎలా తట్టిందండీ మీకు?" అని అడిగాడు.

"ఏదో, అలా తట్టింది," అన్నాను.

మొదటిసారి నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. ఈసారి ఆలోచించే అన్నాను.

ఫోను

ఓబులేసు కఫీల్ అతన్ని వెనక్కి తీసుకుని గొర్రెల దొడ్డికి పంపాడు. కొన్నేళ్ళ తరవాత కాగితాలు సరిగా లేనివాళ్ళు జరిమానా లేకుండా దేశం విడిచి వెళ్ళొచ్చని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, వరసలో నిలబడి ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేసరికి తల్లి లేదు. ఇవన్నీ నాకు రమణమ్మ చెప్పింది. ఒక శుక్రవారం ఫర్వానియాలో కూరగాయల కొట్టు దగ్గర కనిపించింది. నేను అడగకుండానే అతని ఫోను నంబరు కూడా ఇచ్చింది. "మాట్లాడండి సార్, సంతోషపడతాడు," అంది. ఆ కాగితం ముక్క నా దగ్గర చాలా కాలం ఉంది. పోయిన వేసవిలో, ఇక్కడికి తిరిగి వచ్చేశాక, చేశాను.

గొంతు గుర్తుపట్టాడు.

"సార్! బాగుండారా? యాడ, కువైట్లోనే ఉండారా?"

వచ్చేశానని చెప్పాను. ఆరోగ్యం అడిగాను. మోకాళ్ళ నొప్పులన్నాడు. వానల గురించి మాట్లాడుకున్నాం. చెప్పాల్సింది నాలుక చివర ఉంది. కాగితం మీద రాసుకుని కూడా ఉంచుకున్నాను.

అతనే అడిగాడు. "సార్, ఆ దిండు ఇంగా పెడతాండారా ఆడ?"

"పెడుతున్నారు. షువైఖ్‌లో అందరూ పెడుతున్నారు."

"నీళ్ళు నిలబడల్యా?"

"లేదు ఓబులేసూ. ఒక్క చుక్క నిలబడలేదు."

"అంతే గదా సార్. నేను అప్పుడే సెప్తి," అని నవ్వాడు. చాలా సంతోషంగా నవ్వాడు. ఆ నవ్వు అయ్యాక, నేనేమైనా చెప్తానేమోనని ఆగినట్టున్నాడు. నేను, "సరే, ఉంటాను, ఆరోగ్యం జాగ్రత్త," అని పెట్టేశాను. దానికి ఏ పేరు పెట్టారో అతను అడగలేదు. నేను చెప్పలేదు.

కాబట్టి ఇక్కడ చెప్తున్నాను. ఏసీ గొట్టాల ఫోమ్ కట్టకట్టండి. బొంత సూదితో రెగ్జిన్ కుట్టండి, దారం మంచిది వాడండి. గది పొడుగుకు సరిపోవాలి. నడిమధ్యలో ఉందో లేదో కిందినుంచి చూడకండి, పైకెక్కి పడుకుని చూడండి. ఒక చివర తాడు కట్టి, కొసన ముడి వేయండి, తడి చేతికి జారకుండా. గది మూసేముందు తాడు లాగడం మరిచిపోవద్దు. దీని పేరేమిటని ఎవరైనా అడిగితే ఓబులేసు దిండు అని చెప్పండి. దొరగారు కదా చేశారు అంటే, కాదు, దింపమన్నది ఆయన, అని చెప్పండి.